కాగితపు మందారం

పిల్లలూ! మందారపువ్వును చూడనివాళ్ళు మీలో ఎవరూ ఉండరు. అయితే చెట్టు దగ్గరికి వెళ్ళకుండా జవాబు చెప్పండి చూద్దాం. రేకమందారానికి రేకులెన్ని? మధ్యనుంచి పొడుచుకువచ్చే కాడ చివర ఏమున్నది? తరగతిలో ఇలా అడిగితే నాలుగని కొందరూ, ఆరని కొందరూ అనేవారు. రోజూ చూసే పువ్వే! చూడటం వేరు, పరికించటం వేరు. పరికించటం నేర్పటానికి కత్తెరా, కాగితమూ మంచి సాధనాలు.

ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆమె ఉండేది. 1772లో, డెబ్బయిరెండేళ్ళ వయస్సులో, ఒకనాడు ఆమెకు ఎర్రని జెరేనియం పువ్వూ, దాని పక్కనే అదే రంగు కాగితం ముక్కా కనిపించాయి. ఆమె కత్తెర తీసుకుని కాగితాన్ని రేకులుగా కత్తిరించి పేర్చింది. అంతలో గదిలోకి వచ్చిన స్నేహితురాలు అది నిజమైన పువ్వే అనుకున్నది! అది మొదలు పదేళ్ళలో ఆమె 985 పుష్పచిత్రాలు తయారుచేసింది. నల్లరంగు పూసిన కాగితంమీద రంగుకాగితం ముక్కలు అతికించేది. కొన్నిటిలో నిజమైన ఆకునే అంటించింది. కళ్ళు మసకబారాకనే ఆ పని మానుకున్నది. ఆ చిత్రాలు ఇప్పుడు లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని చూసి మొక్కలను తప్పులేకుండా వర్ణించవచ్చునని ఆ కాలపు ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ అన్నాడట. ఆమె మొక్కను ఎదురుగా పెట్టుకుని, ప్రతి భాగాన్నీ లెక్కపెట్టి కత్తిరించేది. అదే రహస్యం.

ఇక మనమూ ఒక మందారం చేద్దాం. పాత శుభలేఖలు, ఎర్రదారం, చిటికెడు బొంబాయిరవ్వ, కాస్త పసుపు, ఒక అట్టముక్క, నల్లకాగితం ఉంటే చాలు. ఒక మందారాకును పాత వార్తాపత్రికల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు ఉంచండి. రోజూ కాగితం మారుస్తూ ఉంటే వారం రోజుల్లో ఆకు చదునుగా ఎండిపోతుంది. చెంచాడు మైదాను నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, పెద్దవాళ్ళచేత ఉడికించుకుంటే జిగురు సిద్ధం.

ఇప్పుడు ఒక పువ్వు తెచ్చి ఎదురుగా పెట్టుకోండి. రేకులు అయిదు! ప్రతి రేకూ ఒకవైపు పక్కరేకును కప్పుతూ, రెండోవైపు మరో రేకు కింద దాగి ఉంటుంది. శుభలేఖ ఎర్రకాగితంలో అయిదు రేకులు కత్తిరించి, నల్లకాగితం అంటించిన అట్టమీద అదే వరసలో అతికించండి. అయిదో రేకు ఒక అంచును మొదటి రేకు కిందికి దూర్చటం మరవకండి.

మధ్యకాడకు అయిదు ఎర్రదారాలు తీసుకుని, ఒక్కొక్క దారం కొనకూ చిన్న ముడి వేయండి. ముడులు విడిగా ఉండేటట్లు దారాలన్నిటినీ కలిపి పురిపెట్టి, పువ్వు మధ్య అంటించండి. ఆ అయిదు ముడులే కీలాగ్రాలు. పుప్పొడి వచ్చి పడవలసిన చోటు అదే. పురి పైసగానికి జిగురు రాసి, పసుపునీళ్ళలో తడిపి ఆరబెట్టిన రవ్వ చల్లండి. ఆ పచ్చని గింజలే పుప్పొడి తిత్తులు. చివరగా ఎండిన ఆకును పక్కన అతికించండి.

మర్నాటికి మీ అట్ట వంగిపోయిందా? దానికి కారణం ఉన్నది. కాగితమంటే మొక్కలనుంచి తీసిన సన్నని నారల పొర. తడి తగిలితే నార లావెక్కుతుంది కాని, పొడవు అంతగా పెరగదు. ఆరగానే మళ్ళీ ముడుచుకుని అట్టను తనవైపు లాగుతుంది. చిన్న చదరపు కాగితం ముక్కకు ఒకవైపు మాత్రమే తడిచేసి చూడండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. నారలు ఎక్కువగా ఆ గొట్టం పొడవునా ఉన్నాయన్నమాట. అందుచేత అట్ట వెనకవైపు కూడా అటువంటి కాగితమే అతికించి, బరువుకింద ఆరబెట్టండి. రెండువైపులా లాగుడు సమానమై అట్ట చదునుగా నిలుస్తుంది. చిత్రాన్ని ఎండ తగలని గోడకు తగిలించండి. ఎండకు పసుపు వెలిసిపోతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు కత్తిరించిన రేకు వంకరగా ఉంటే మీరు కత్తెర అందుకోకండి. పువ్వును చూపి, "ఇది ఇలాగే ఉన్నదా, నాయనా?" అని అడగండి. వాడే మళ్ళీ చూస్తాడు, వాడే మళ్ళీ కత్తిరిస్తాడు. రెండోసారి చూసేటప్పుడు వాడు నేర్చుకునేది మనం చెప్పి నేర్పగలిగింది కాదు.

మందారం పూర్తయినవాళ్ళు తంగేడు మొదలుపెట్టండి. దానికీ రేకులు అయిదే. కాని అన్ని కేసరాలూ ఒక్కలాగే ఉన్నాయో లేదో, కత్తెర పట్టేముందు చూసుకోండి!