అటకెక్కిన దూరదర్శిని

పుట్టినరోజు కానుకగానో, పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నందుకు బహుమతిగానో ఇంటికి వచ్చిన దూరదర్శిని నెల తిరగకముందే అటకెక్కడం నేడు అరుదైన విషయం కాదు. మొదటి రాత్రి ఇంటిల్లిపాదీ మేడమీదికి చేరుతారు. శనిగ్రహ వలయాలను చూడాలని అందరికీ ఆరాటమే. గంటసేపు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పినా కనిపించేది చీకటి, నడుమ నడుమ వణికే ఒకటి రెండు వెలుగుచుక్కలు. పెద్దలు ఒక్కొక్కరే మెట్లు దిగిపోతారు. చివరకు మిగిలిన పిల్లవాడు తనకే చూడటం చేతకాలేదని అనుకుంటాడు. లోపం అతనిది కాదు. చాలా సందర్భాలలో అది పెట్టెమీద అచ్చువేసిన అంకెతోనే మొదలవుతుంది.

చౌకరకం దూరదర్శినుల పెట్టెలమీద 525 రెట్లు, 675 రెట్లు అని పెద్ద అక్షరాలలో రాసి ఉంటుంది. కొనేవారి దృష్టి మొదట పడేది దానిమీదనే. నిజానికి దూరదర్శిని ప్రధాన కార్యం వెలుగును పోగుచేయడం. వస్తువును పెద్దదిగా చూపడం ఆ తరువాతి మాట. చీకటిలో మనిషి కంటిపాప దాదాపు 7 మిల్లీమీటర్ల మేర విచ్చుకుంటుంది. 60 మిల్లీమీటర్ల వస్తుకటకం అంతకు డెబ్బై రెట్లకు పైగా కాంతిని గ్రహిస్తుంది. ఇక ఆవర్ధనం లెక్క సులభమైనదే. వస్తుకటకం నాభ్యంతరాన్ని, కంటిదగ్గర అమర్చే అక్షికటకం నాభ్యంతరంతో భాగిస్తే చాలు. 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల పరికరానికి 20 మిల్లీమీటర్ల అక్షికటకం పెడితే వచ్చేది 35 రెట్లు. 4 మిల్లీమీటర్లది పెడితే 175 రెట్లు. దానిని మూడింతలు చేసే బార్లో కటకాన్ని కూడా చేర్చితే 525. అంకెలో అబద్ధం లేదు. అందువల్లనే అది మరింతగా మోసగిస్తుంది. వస్తుకటకం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని, ఆ సంఖ్యకు రెట్టింపును మించి ఆవర్ధనం పెంచడం వృథా అన్నది అనుభవజ్ఞుల మాట. ఆ లెక్కన 60 మిల్లీమీటర్ల పరికరానికి హద్దు 120 రెట్లు. ఆ హద్దు దాటాక బింబం పెరుగుతుంది గాని వివరం పెరగదు. పలుచని మజ్జిగలో మరో చెంబెడు నీళ్ళు పోసిన చందమే. అతిశయోక్తి కావ్యానికి అలంకారం కావచ్చు. కొనే వస్తువు మీద అది అలంకారం కాదు.

ఆవర్ధనం పెరిగినకొద్దీ కనిపించే ఆకాశభాగం కుంచించుకుపోతుంది. భూభ్రమణం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి జరుగుతున్నట్లు కనిపిస్తుంది. చంద్రబింబం వెడల్పు సుమారు అర డిగ్రీ. సాధారణమైన అక్షికటకంతో నూరు రెట్ల వద్ద కంటికి అందే చోటు కూడా ఇంచుమించు అంతే. ఎంతో శ్రమపడి పట్టిన గ్రహం రెండు నిమిషాలలో ఆ చోటు దాటిపోతుంది. పరికరం పాడయిందని ఇంటివారు భావించేది సరిగ్గా ఆ క్షణంలోనే. దానికితోడు సన్నని కాళ్ళ స్టాండు. వేలు తగిలితే చాలు, బింబం గంతులు వేస్తుంది. కొనేటప్పుడు కటకాలకంటె ముందు పరీక్షించవలసినది స్టాండునే. బింబం తలకిందులుగా కనిపించడం మాత్రం లోపం కాదు. ఖగోళ దూరదర్శిని స్వభావమే అంత.

రెండవ నిరాశకు మూలం ఛాయాచిత్రాలు. పుస్తకాలలో ఎరుపు, నీలి కాంతులతో మెరిసే నీహారికలు చిన్న దూరదర్శినిలో బూడిదరంగు పొగమరకలవలె కనిపిస్తాయి. కెమెరా చాలాసేపు కాంతిని కూడబెట్టుకోగలదు. కంటికి ఆ శక్తి లేదు. మందకాంతిలో కన్ను రంగులను దాదాపుగా గుర్తించలేదు. చీకటికి అది పూర్తిగా అలవాటు పడటానికే ఇరవై ముప్ఫై నిమిషాలు కావాలి. ఈలోగా ఒక్కసారి సెల్‌ఫోన్ తెర వైపు చూస్తే ఆ నిరీక్షణ మళ్ళీ మొదటికి వస్తుంది. 1610 జనవరిలో బృహస్పతి ఉపగ్రహాలు నాలుగింటిని గుర్తించిన గెలీలియో పరికరం శక్తి సుమారు 20 రెట్లే. అదే సంవత్సరం శనిని చూసి అది మూడు గోళాల కూటమి అని ఆయన భావించాడు. అది వలయమని హైగెన్స్ 1659లో వెల్లడించే వరకు ఆ చిక్కు విడలేదు. గెలీలియోకే అంతుపట్టని దృశ్యాన్ని పదేళ్ళ బాలుడు తొలిరాత్రే పోల్చుకోవాలని ఆశించడం న్యాయం కాదు.

చూడటానికి ముందు వెతకడం నేర్వాలి. ఇందుకు మన పూర్వులు స్థూలారుంధతీ న్యాయమని పేరే పెట్టారు. సూక్ష్మమైన అరుంధతిని చూపదలచినవాడు ముందుగా దాపున ఉన్న పెద్ద నక్షత్రాన్ని చూపి, అక్కడినుండి చూపును మెల్లగా నడిపిస్తాడు. ముహూర్తం పట్టపగలైనా అరుంధతి కనబడిందని వధూవరులు తలలూపే కాలమిది గనుక ఆ న్యాయం పుస్తకాలకే పరిమితమయింది. దూరదర్శినితో వెతికే పద్ధతి మాత్రం అచ్చంగా అదే. గొట్టంమీద బిగించే ఫైండర్ అనే చిన్న దుర్భిణిని పగటివేళ దూరాన ఉన్న గోపుర కలశం మీదికో, సెల్ టవరు కొన మీదికో గురిచూసి పెద్ద గొట్టంతో సరిచేసుకోవాలి. ఆ పని చేయనిదే రాత్రి ఏదీ దొరకదు. అయితే పగలు గొట్టాన్ని సూర్యుని దరిదాపులకు కూడా పోనీయరాదు. క్షణకాలం చూసినా కన్ను శాశ్వతంగా పోవచ్చు. అక్షికటకానికి బిగించమని ఇచ్చే నల్లని సూర్యఫలకం వేడికి పగిలిపోగలదు గనుక దానిని ముందే పారవేయడం మేలు.

ఈ క్రమం తెలుగునాట కొత్తది కాదు. 1840లో విశాఖపట్నంలో సొంత వేధశాల నెలకొల్పిన గోడే వేంకట జగ్గారావు అంతకుముందు మదరాసు వేధశాలాధికారి టేలర్ వద్ద ఖగోళశాస్త్రం అభ్యసించాడు. విద్య ముందు, పరికరం తరువాత. ఆయన అల్లుడు అంకితం వేంకట నరసింగరావు 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగిపోవడాన్ని పరిశీలించాడు. నేడు అంత సంపద గాని, దూరప్రయాణం గాని అక్కరలేదు. నక్షత్రపటం ఒకటి, కొన్ని నెలల ఓపిక, వీలైతే ఒక బైనాక్యులర్ చాలు. దూరదర్శిని కొనే డబ్బు ఆ తరువాత తీయవచ్చు. బీరువాలో తాళంవేసి ఉంచడానికి పరికరం తెచ్చుకునే పాఠశాలలకూ ఈ మాట వర్తిస్తుంది.

తొలిరాత్రికి పున్నమి చంద్రుడు తగడు. సప్తమి, అష్టమి నాటి చంద్రునిలో వెలుగునీడల సరిహద్దు వెంబడి బిలాల అంచులు స్పష్టంగా తేలుతాయి. 35 రెట్లు అందుకు చాలు. వేసవి సాయంకాలాలలో ఉత్తరాన సప్తర్షి మండలం కనిపిస్తుంది. తోకలోని మూడు నక్షత్రాలలో నడిమిది వసిష్ఠుడు. పక్కన నలుసంత అరుంధతి. అదే 35 రెట్ల అక్షికటకంతో నిదానంగా చూస్తే వసిష్ఠుడొక్కడే రెండు నక్షత్రాలుగా విడివడి కనిపిస్తాడు.