కంపైలర్‌ను కూడా కోడ్‌తో పాటే అప్పగించండి

ఎంబెడెడ్ విద్యార్థులకు, ల్యాబ్ అధ్యాపకులకు, టీమ్ లీడర్లకు విజ్ఞప్తి



ఫర్మ్‌వేర్ ప్రాజెక్టు చేతులు మారేటప్పుడు సోర్స్ కోడ్ ఒక్కటే ఇస్తే చాలదు. ఏ కంపైలర్, ఏ వెర్షన్, ఏ ఫ్లాగులు, ఏ లింకర్ స్క్రిప్ట్ అన్నవి కూడా ఆ కోడ్ ఉన్న గిట్ రిపాజిటరీలోనే ఉండాలి. ఎవరి మెషీన్ మీదైనా ఒక్క కమాండ్‌తో బిల్డ్ కావాలి. మేము కోరుతున్నది ఇదే.

ఎందుకింత పట్టుదల అంటారా? ఎస్‌టీఎం32ఎఫ్407 బోర్డునే తీసుకోండి. అందులోని కార్టెక్స్-ఎమ్4లో ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ ఉంది. అయినా ఆర్మ్ జీసీసీకి ఫ్లోట్ ఏబీఐ సంగతి విడిగా చెప్పకపోతే అది ఆ యూనిట్ జోలికే పోదు. ప్రతి ఫ్లోట్ గుణకారానికీ ఒక లైబ్రరీ ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఎర్రర్ రాదు, వార్నింగూ రాదు, లెక్క కూడా సరిగ్గానే వస్తుంది. కానీ హార్డ్‌వేర్‌లో ఒక్క సైకిల్‌లో అయ్యే పనికి పదుల సైకిళ్లు పడతాయి. టైమర్ ఇంటరప్ట్‌లో మిల్లీసెకనుకోసారి నడవాల్సిన మోటార్ కంట్రోల్ లూప్ గడువు దాటిపోతుంది. అప్పుడు ఇంజనీరు తన అల్గారిథమ్‌లో తప్పు వెతుకుతూ రాత్రులు గడుపుతాడు. తప్పు ఉన్నదేమో పాత లాప్‌టాప్‌లోని ఐడీఈ సెట్టింగ్స్‌లో, ఎవరో ఎప్పుడో టిక్ పెట్టిన ఒక గడిలో! ఆ టిక్ గిట్‌లోకి రాలేదు.

వెర్షన్ల సంగతీ అంతే. హెడర్ ఫైల్‌లో ఎక్స్‌టర్న్ లేకుండా వేరియబుల్ రాసేసిన పాత కోడ్ జీసీసీ 9 వరకు లింక్ అయ్యేది. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి అదే కోడ్ ‘మల్టిపుల్ డెఫినిషన్’ అంటూ ఆగిపోతోంది. 2025లో వచ్చిన జీసీసీ 15 అయితే సీ23ని డిఫాల్ట్‌గా తీసుకుంటుంది. ‘బూల్’ను సొంతంగా టైప్‌డెఫ్ చేసుకున్న డ్రైవర్లు దానితో కంపైల్ కావు. ఫీల్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేయాల్సిన పరికరానికి రేపు ఒక చిన్న దిద్దుబాటు అవసరమైతే, ఆనాటి కంపైలర్‌ను ఎక్కడ వెతుకుతారు?

కొత్త వెర్షన్లలో బగ్‌లు పోతాయి కదా, పాతదే పట్టుకుని వేలాడాలా అని కొందరు అడుగుతారు. అక్కర్లేదు. మార్చండి, కాని ఒక కమిట్‌గా మార్చండి. మార్చే ముందూ తర్వాతా చిప్‌లోని సైకిల్ కౌంటర్‌తో కీలకమైన ఇంటరప్ట్‌లకు పడుతున్న సమయం కొలిచి, ఆ అంకెలు కమిట్ సందేశంలో రాయండి. డీబగ్ బిల్డ్‌లో నడిచింది రిలీజ్‌లో ఆగిపోతే వోలటైల్ మరిచారేమో చూడాలి. అది కోడ్‌లోని తప్పే. అయితే ఆ రెండు బిల్డుల ఆప్టిమైజేషన్ ఫ్లాగులు ఒకే ఫైల్‌లో కళ్లెదుట ఉంటే ఆ తప్పు త్వరగా దొరుకుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పద్ధతేమీ కాదు. రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెఫిర్ తన ఎస్‌డీకేను వెర్షన్ నంబర్లతో విడుదల చేస్తోంది. అలాంటిదే అయిన ఆర్‌టెమ్స్‌కు కంపైలర్‌నే సోర్స్ నుంచి కట్టుకునే ‘సోర్స్ బిల్డర్’ ఉంది. మన ప్రాజెక్టులకు సీమేక్ టూల్‌చెయిన్ ఫైల్, కంపైలర్‌ను దించుకుని షా-256 సరిచూసే చిన్న స్క్రిప్ట్ ఉంటే మొదలుపెట్టడానికి చాలు. జీసీసీ ఉచితం కాబట్టి లైసెన్సు ఖర్చు అన్న అభ్యంతరమూ లేదు. బిల్డ్ తేదీని, సమయాన్ని బైనరీలో దూర్చే మాక్రోలు తీసేయండి. ఆ తర్వాత రెండు మెషీన్ల మీద కట్టిన బైనరీల షా-256 ఒకటే కావాలి. కాకపోతే తేడా ఎక్కడుందో పట్టుకోండి.

అధ్యాపకులకు ప్రత్యేకంగా ఒక మాట. ప్రాజెక్టుకు మార్కులు వేసేముందు విద్యార్థి లాప్‌టాప్‌లో డెమో చూసి సరిపెట్టుకోవద్దు. ల్యాబ్‌లోని వేరే పీసీ మీద క్లోన్ చేయించి, బిల్డ్ చేయించి, బోర్డులోకి ఎక్కించమనండి.

విద్యార్థులారా, మార్కులు వేసే రోజు దాకా ఆగకండి. మీ రిపాజిటరీని ఈ వారమే స్నేహితుడి మెషీన్ మీద క్లోన్ చేసి చూడండి. బిల్డ్ ఎక్కడ ఆగిందో, అక్కడ కావాల్సింది ఏమిటో చూసి, దాన్ని రిపాజిటరీలో చేర్చి కమిట్ చేయండి.