ఫోను ఉండాలి, కౌంటరూ ఉండాలి



ఒకప్పుడు మన పి.ఎఫ్. లెక్క ఏడాదికోసారి చీటీ మీద వచ్చేది. టైం ఆఫీసు గుమాస్తా చేతికిచ్చేవాడు. తప్పుంటే అక్కడే నిలబడి అడిగేవాళ్లం. ఇప్పుడా లెక్క సెల్‌ఫోనులోకి వెళ్లింది. 2025 ఆగస్టు 1 నుంచి కొత్తగా చేరే కార్మికుడు ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి యూఏఎన్ నంబరు తీసుకోవాలని పి.ఎఫ్. సంస్థ నిర్ణయించింది. మినహాయింపులు కొద్దిమందికే.

మేము యంత్రాలకు వ్యతిరేకులం కాము. ఇందులో మేలూ ఉంది. ఇదివరకు కాంట్రాక్టరు మన పేరు, పుట్టిన తేదీ తప్పు రాసినా తెలిసేది కాదు. లైఫ్ సర్టిఫికెట్ సంగతీ అంతే. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చినప్పుడు వేలిముద్ర అడిగేవారు. ముప్పై ఏళ్లు సున్నంలో, పల్పులో నానిన వేళ్లకు ముద్ర ఎక్కడ పడుతుంది? 2022లో మన పెన్షనర్లకు ముఖం చూపించే పద్ధతి వచ్చాక చాలామందికి ఆ బాధ తప్పింది.

అయితే దానికి మంచి కెమెరా ఉన్న ఫోను కావాలి, సిగ్నల్ కావాలి. రాయగడ టౌనులో ఉన్న కుర్రాడికి ఇది చిటికెలో పని. కోరాపుట్ కొండపల్లెకు తిరిగి వెళ్లిన రిటైర్డు కార్మికుడి గతేమిటి? మొన్న ఒక పాత సహచరుడు మా దగ్గరకు వచ్చాడు. సర్టిఫికెట్ గడువు దాటి పెన్షన్ ఆగిపోయింది. చేతిలో బటన్ల ఫోను. వెళ్లినచోట "ఫోనులో చేసుకో" అని పంపేశారట. పోస్టాఫీసులో కూడా చేస్తారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మేమే తీసుకెళ్లి చేయించాం. 2014లో నిర్ణయించిన కనీస పెన్షన్ నెలకు వెయ్యి రూపాయలు. దానితో బియ్యం కొనాలా, ఫోను కొనాలా?

అందుకే మేము కోరేది ఇది. ఫోను పద్ధతితో పాటు కౌంటరు, కాగితం ఫారం ఉంచాలి. యాప్‌లోని ప్రతి మాటా తెలుగు, ఒడియా, కుయి చదివేవారికి అర్థమయ్యేలా ఉండాలి. కాంట్రాక్టు కార్మికులకు నంబరు తీయించే ఏర్పాటు మిల్లు గేటు దగ్గర యాజమాన్యమే చేయాలి.

సభ్యులకు ఒక మాట. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. ఆ తేదీ గోడమీద రాసుకోండి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. చేతకాకపోతే సిగ్గుపడకుండా యూనియన్ ఆఫీసుకు రండి. ఫోను లేదన్న కారణంతో ఒక్క కార్మికుడి హక్కు కూడా పోకూడదు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!