మలక్కా తాళం సరే... చమురు ఓడ సంగతేంటి?

గ్రేట్ నికోబార్ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ వినిపించే మాట ఒకటుంది. మలక్కా జలసంధి తాళం చెవి మన చేతిలో ఉందని. క్యాంప్‌బెల్ బేలో 2012లో ప్రారంభమైన నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ బాజ్, గలాథియా బేలో తలపెట్టిన భారీ ఓడరేవు ఈ వాదనకు బలమిస్తున్నాయి. అయితే ఆ తాళం వేసేది దేనికి? చమురు ఓడలకు. యుద్ధం వస్తే ఆ ఓడలకు, వాటిలో పనిచేసే వాళ్లకు ఏమవుతుందన్నది మాత్రం ఈ చర్చలో ఎక్కడా కనిపించదు.

అమెరికా ఇంధన సమాచార సంస్థ లెక్క ప్రకారం 2023లో మలక్కా గుండా రోజుకు 2.3 కోట్లకు పైగా బ్యారెళ్ల చమురు, చమురు ఉత్పత్తులు వెళ్లాయి. అందులో గల్ఫ్ నుంచి వచ్చేదంతా దాదాపుగా ఇందిరా పాయింట్‌కు, సుమత్రాకు మధ్య నుంచే సాగుతుంది. ఒక పెద్ద ట్యాంకర్‌లో దాదాపు 20 లక్షల బ్యారెళ్ల చమురు పడుతుంది. దాన్ని నడిపేది పాతిక మంది మాత్రమే. వాళ్లు సైనికులు కారు, చేతిలో ఆయుధమూ ఉండదు. నాలుగు గంటల డ్యూటీ, ఎనిమిది గంటల విశ్రాంతి, మళ్లీ డ్యూటీ. ట్యాంకుల్లో ఆక్సిజన్ 8 శాతం దాటకుండా జడ వాయువును నింపుతూ ఉండాలి. నిండు ఓడ కంటే, సరుకు దించి తిరిగొచ్చే ఖాళీ ఓడతోనే పేలుడు భయం ఎక్కువ. అడుగున మిగిలిన చమురు ఆవిరికి గాలి తోడైతే ఒక్క నిప్పురవ్వ చాలు. నికోబార్ పక్కనుంచి నిండు ఓడలు తూర్పుకు వెళ్తుంటే, ఖాళీవి పడమటికి వస్తుంటాయి.

ఈ సముద్రంలో యుద్ధం ఎలా ఉంటుందో 1942 చూపించింది. మార్చి మొదట్లో రంగూన్‌ను వదిలి వెళ్తూ బ్రిటిష్ వాళ్లు సిరియం చమురు శుద్ధి కర్మాగారాన్ని తామే ధ్వంసం చేశారు. బర్మా చమురు ఆగిపోయింది. దిగ్బోయ్‌లో దొరికేది కొద్దిపాటే కాబట్టి, ఇండియా ఇరాన్‌లోని అబదాన్ వైపు చూడాల్సి వచ్చింది. అంటే భారమంతా ట్యాంకర్ల మీద పడింది. మార్చి 23న జపాన్ అండమాన్‌ను ఆక్రమించింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి దాని నిఘా విమానాలు బంగాళాఖాతంపై తిరగసాగాయి. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడ్డాయి. ఆ రోజుల్లోనే మన తూర్పు తీరం వెంట 20కి పైగా వాణిజ్య నౌకలు మునిగిపోయాయి. ఏప్రిల్ 9న సింహళం తీరంలో బ్రిటిష్ సార్జెంట్, ఎథెల్‌స్టేన్ అనే రెండు ట్యాంకర్లను జపాన్ విమానాలు ముంచేశాయి. ఆ యుద్ధం మొత్తంలో ప్రాణాలు కోల్పోయిన భారతీయ వాణిజ్య నావికులు దాదాపు 6,600 మంది. తెల్ల నావికుల కంటే వాళ్లకు జీతం చాలా తక్కువ.

తాళం రెండు వైపులా పడుతుందన్నది అండమాన్ నేర్పిన మరో పాఠం. మిత్రరాజ్యాల జలాంతర్గాములు, యుద్ధనౌకలు దారి మూసేసరికి 1945 నాటికి ద్వీపాల్లో ఆకలి రాజ్యమేలింది. అక్కడి దళాలకు సరుకులు తీసుకుని బయల్దేరిన జపాన్ క్రూయిజర్ హగురో మే 16న మలక్కాలోనే మునిగింది. తిండి పెట్టలేక, ఆగస్టులో వందల మంది పౌరులను హావ్‌లాక్ దగ్గరకు తీసుకెళ్లి సముద్రంలోకి తోసేశారు. ఓడ రాకపోతే ద్వీపంలో ముందు బలయ్యేది సామాన్యుడే.

నేటికీ అక్కడి విద్యుత్తులో అధిక భాగం డీజిల్ జనరేటర్లదే. సౌర విద్యుత్తు కొంత వచ్చినా, శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో దీపం వెలగాలంటే ప్రధాన భూభాగం నుంచి ట్యాంకర్ రావాల్సిందే. ఇతరుల చమురును ఆపగల చోటుకు సొంత చమురు కూడా ఓడ మీదే ఆధారం.

పౌర ట్యాంకర్‌పై దాడి పాత కథేమీ కాదు. 2024 జనవరి 26న ఏడెన్ సింధుశాఖలో హూతీల క్షిపణి తగిలి మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌లో మంటలు లేచాయి. అందులో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ ఉన్నారు. సాయానికి వెళ్లింది మన ఐఎన్ఎస్ విశాఖపట్నం. నౌకాదళం పంపిన పది మంది, ఓడ సిబ్బంది కలిసి గంటల తరబడి పోరాడి మంటలు ఆర్పారు. యుద్ధనౌక అందుబాటులో ఉంది కాబట్టి గండం గడిచింది.

అండమాన్ చుట్టూ అలాంటి సాయం సిద్ధంగా ఉండాలి. గ్రేట్ నికోబార్‌కు వేల కోట్ల ప్రణాళికలు వేస్తున్నప్పుడు మంటలార్పే టగ్గులు, కాలిన గాయాలకు చికిత్స చేసే ఆస్పత్రి, చమురు తెట్టును అడ్డుకునే సామగ్రి, ద్వీపాలకు నెలల తరబడి సరిపడే ఇంధన నిల్వ కూడా లెక్కలోకి రావాలి. కార్మిక సంఘాలు, ఓడల కంపెనీల అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన చోటికి వెళ్లనని చెప్పే హక్కు, వెళ్తే అదనపు వేతనం, ప్రాణం పోతే రెట్టింపు పరిహారం నావికుడికి ఉన్నాయి. ఆ ఒప్పందం పరిధిలోకి రాని ఓడలెక్కే కుర్రాళ్లకు ఇవేవీ వర్తించవు. సముద్ర భద్రత అంటే జలసంధికి తాళం వేయడమే అనుకుంటే, ఆ తాళానికి అవతల చిక్కుకునే వాళ్లలో మన వాళ్లే ఉంటారు.