ఆపరేషను గదిలో బీరువా తాళం ఎవరి దగ్గర?

ఉద్దానం పల్లెల నుంచి ఆపరేషను కోసం వచ్చిన రోగి బంధువులు పలాసలోనో, టెక్కలిలోనో, సోంపేటలోనో ఆసుపత్రి వరండాలో కూర్చుని అడిగే ప్రశ్నలు అందరికీ తెలిసినవే. డాక్టరు వచ్చారా? రక్తం దొరికిందా? మత్తు డాక్టరు ఎప్పుడొస్తారు? లోపల మందులు ఎక్కడ ఉంచుతారు, ఎవరు తీస్తారు, ఎవరు లెక్క రాస్తారు అని అడిగినవారు కానరారు. ప్రాణం ఆధారపడిన ప్రశ్నల్లో అదీ ఒకటి.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. టెక్కలిలో జిల్లా ఆసుపత్రి ఉంది. ఒకప్పుడు ప్రతి పెద్ద జబ్బుకూ విశాఖ కె.జి.హెచ్.కు పరుగెత్తిన ఈ ప్రాంతానికి ఇది గొప్ప ఊరట. అయితే దగ్గరలో ఆపరేషన్లు పెరిగిన కొద్దీ మందుల విషయంలో జాగ్రత్త కూడా పెరగాలి.

కాన్పు ఆపరేషనునే తీసుకుందాం. నడుము భాగం మొద్దుబారడానికి వెన్నులోకి ఇచ్చే మందు బుపివకెయిన్. కాన్పు తర్వాత రక్తస్రావం అరికట్టడానికి నరంలోకి ఇచ్చే మందు ట్రానెక్సామిక్ యాసిడ్. రెండూ ప్రాణాలు కాపాడేవే. కొన్ని కంపెనీల ఆంపూళ్లు చూడడానికి ఒక్కలాగే ఉంటాయి. పక్కపక్కన పెడితే తొందరలో ఒకదానికి బదులు మరొకటి చేతికి వస్తుంది. రక్తస్రావం మందు వెన్నులోకి పోతే విపరీతమైన నొప్పి, ఫిట్సు వస్తాయి. అలా జరిగిన కేసుల్లో సుమారు సగం మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో అన్ని దేశాలనూ హెచ్చరించింది. ఆ మందును మత్తుమందుల బల్ల దగ్గర ఉంచవద్దనీ, వీలైతే థియేటరు బయటనే ఉంచమనీ చెప్పింది. దీనికి కోట్లు అక్కరలేదు. వేరే అర, పెద్ద అక్షరాల చీటీ ఉంటే చాలు.

ఉద్దానం రోగికి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కిడ్నీలు చెడినవారి రక్తంలో పొటాషియం ముందే పెరిగి ఉండవచ్చు. కండరాలు సడలించడానికి వాడే సక్సినైల్ కోలిన్ దాన్ని మరింత పెంచుతుంది. అలాంటివారికి శరీరంలో తనంత తానే విరిగిపోయే అట్రాక్యూరియం మేలు. మార్ఫిన్ అవశేషాలు కూడా కిడ్నీ పని చేయకపోతే ఒంట్లో పేరుకుపోతాయి. ఇక గాఢమైన పొటాషియం క్లోరైడు ఆంపూలును డిస్టిల్డ్ వాటరు అనుకుని నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. అది సాధారణ మందుల మధ్య ఉండనే కూడదు.

రెండో ప్రమాదం దొంగతనం. నొప్పి తెలియకుండా ఇచ్చే ఫెంటానిల్ వంటి మందులకు బయట వేరే గిరాకీ ఉంది. అమెరికాలోని డెన్వరులో 2009లో బయటపడిన ఉదంతం గుర్తుంచుకోదగ్గది. అక్కడ ఒక ఆపరేషను థియేటరు ఉద్యోగిని మత్తుమందు బల్లమీద విడిచిపెట్టిన ఫెంటానిల్ సిరంజీలు కాజేసి, తాను వాడిన సిరంజీల్లో ఉప్పునీరు నింపి ఆ స్థానంలో పెట్టింది. ఆమెకు హెపటైటిస్ సి ఉంది. రోగులకు నొప్పి తగ్గలేదు సరికదా, పలువురికి ఆ జబ్బు అంటింది. కోర్టు 30 ఏళ్ల జైలు విధించింది. డబ్బున్న దేశం, పెద్ద ఆసుపత్రి; అయినా కొద్దిసేపు తాళం లేకపోవడమే కారణం.

ఇక్కడ చట్టం లేకపోలేదు. మాదక ద్రవ్యాల చట్టం 1985లో వచ్చింది. కెటమిన్‌ను 2013లో షెడ్యూలు ఎక్స్‌లో చేర్చారు. వీటికి ప్రత్యేకమైన తాళం, రిజిస్టరు తప్పనిసరి. ఫెంటానిల్ 2 మిల్లీలీటర్ల ఆంపూలులో 100 మైక్రోగ్రాములు ఉంటుంది. రోగికి 60 ఇస్తే మిగిలిన 40 ఏమైంది? మరొకరు చూస్తుండగా పారబోసి, ఇద్దరూ సంతకం చేయాలి. పలాస జీడి ఫ్యాక్టరీల్లో పప్పు తూకం వేసి ఇస్తారు, తూకం వేసి తీసుకుంటారు; తేడా వస్తే అక్కడికక్కడే అడుగుతారు. ఆ మాత్రం లెక్క మత్తుమందుకు ఉండనక్కరలేదా?

తాళం బిగించడంలోనూ అతి పనికిరాదు. 1985 చట్టం తర్వాత లైసెన్సుల బెడదకు భయపడి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానుకున్నాయి. కేన్సరు రోగులు నొప్పితో విలవిలలాడారు. చివరకు 2014లో చట్టాన్ని సవరించి నిబంధనలు సడలించవలసి వచ్చింది. అందుకని అన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. గుండె ఆగినప్పుడు కావలసిన అడ్రినలిన్ వంటివి తాళం వెనుక ఉండరాదు. అవి చేతికందే ట్రేలో, లాగితే తెగే సీలుతో ఉండాలి. సీలు తెగిందంటే ఎవరో వాడారని తెలుస్తుంది, వెంటనే తిరిగి నింపుతారు. మత్తుమందులకు మాత్రం రెండు తాళాలు.

పెద్ద నగరాల్లో వేలిముద్ర వేస్తే తెరుచుకునే యంత్రపు బీరువాలున్నాయి. అవి వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఇనుప బీరువా, కట్టుదిట్టమైన రిజిస్టరు, సిరంజీలకు రంగు చీటీలు ఇప్పుడే సాధ్యం.

ఫ్రిజ్ సంగతి వేరు. అట్రాక్యూరియం, కాన్పులకు వాడే ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటాక ఈ పల్లెలు ఎన్ని రోజులు చీకట్లో మగ్గాయో మరచిపోయినవారు లేరు. తీరప్రాంతపు ఆసుపత్రిలో మందుల ఫ్రిజ్‌కు జనరేటరు లైను, రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత రాసే కాగితం ఉండి తీరాలి. కరెంటు ఎంతసేపు పోయిందో తెలియనప్పుడు ఆ మందు పని చేస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు.

ఆసుపత్రి అభివృద్ధి సంఘాల్లో ప్రజాప్రతినిధులు కూర్చుంటారు. సున్నాలు, కుర్చీలు, ఫ్యాన్ల గురించి చర్చిస్తారు. రాబోయే సమావేశంలో మత్తుమందుల రిజిస్టరు తెప్పించి, బీరువాలోని ఆంపూళ్లతో సరిచూడమని సూపరింటెండెంటును కోరవచ్చు. దానికి ఒక గంట చాలు. సిబ్బందిని అనుమానించడానికి కాదిది. లెక్క సరిగా ఉంటే రేపు ఏదైనా నింద వచ్చినా నిజాయతీగా పని చేసే నర్సుకు అదే రక్ష. అలాగే అర్ధరాత్రి మందస నుంచో, వజ్రపుకొత్తూరు నుంచో కాన్పు కేసు వస్తే ఆ బీరువా రెండో తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో, వారు ఆసుపత్రికి ఎంత దూరంలో నివసిస్తున్నారో కూడా ఆ సమావేశంలోనే అడిగి మినిట్స్‌లో రాయించాలి.