అమ్మే అడగకపోతే?

మాది పోలవరం అని చెప్తే చాలు, ఎవరైనా అడిగే మొదటి మాట "ప్రాజెక్టు ఎంతవరకూ వచ్చిందండీ?" అనే. పెళ్ళిళ్ళలో అడుగుతారు, రాజమండ్రి బస్సులో పక్క సీటావిడ అడుగుతుంది, హైదరాబాద్ నుంచి ఫోన్ చేసిన మేనత్త కూడా అడుగుతుంది. ఇన్నేళ్ళలో "మీ ఊళ్ళో గవర్నమెంటు బడి ఎలా ఉందండీ?" అని ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు.

తప్పు వాళ్ళది కాదు లెండి. ప్రాజెక్టు మీద ఉన్నన్ని కళ్ళు ఇంకదేని మీదా లేవు. ఒకప్పుడు "సోమవారం పోలవరం" అని ముఖ్యమంత్రిగారు వారం వారం సమీక్ష పెట్టేవారు. 2019 జనవరిలో 24 గంటల్లో 32 వేల క్యూబిక్ మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు కొట్టారు. జాతీయ ప్రాజెక్టు కాబట్టి, రాష్ట్రం ఖర్చు పెట్టిన బిల్లుల్ని పోలవరం ప్రాజెక్టు అథారిటీ కూడా చూస్తుంది. ఇన్ని కళ్ళు కాపలా ఉన్నచోటే వరదకి డయాఫ్రం వాల్ దెబ్బతిని, 2025లో కొత్తది మొదలుపెట్టాల్సి వచ్చింది. మరి ఏ కళ్ళూ లేనిచోట సంగతేంటి?

నేను మాట్లాడేది మన పిల్లల బడి గురించి. అక్కడా డబ్బు ఖర్చవుతుంది. అక్కడా గోడలు లేస్తాయి, ఆగిపోతాయి, కారతాయి. అక్కడ చూడాల్సిన కళ్ళు ఎవరివో తెలుసా? మనవే. ఇది నా ఆవేశం కాదు, చట్టం.

2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతుల మంది పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఆ కమిటీ పని ఏమిటంటే, బడి ఎలా నడుస్తోందో చూడటం, బడి అభివృద్ధికి ప్రణాళిక తయారుచేయడం, ప్రభుత్వం నుంచి గానీ పంచాయతీ నుంచి గానీ ఇంకెక్కడి నుంచి గానీ వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూడటం. ఆ మూడోది మళ్ళీ చదవండి. డబ్బు ఎలా ఖర్చయిందో చూడటం. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రుల్ని ఎన్నుకుంటారు. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా ఆ ఎన్నికలు జరిగాయి. పదవీకాలం రెండేళ్ళు.

మరి ఎన్నికయ్యాక ఏం జరుగుతోంది? మా వీధిలో ఒకావిడ కమిటీ మెంబరు. ఏ బడి అన్నది అనవసరం. ఓ రోజు కనపడితే, "మీటింగులో ఏం మాట్లాడుకున్నారు వదినగారూ?" అని అడిగాను. "మాట్లాడుకోడానికేముందమ్మా, పుస్తకం ఇచ్చారు, సంతకం పెట్టాను, టీ ఇచ్చారు, వచ్చేశాను" అంది. "సంతకం పైన ఏం రాసుందండీ?" అన్నాను. "ఏమో! అందరూ పెడుతున్నారని నేనూ పెట్టాను. మాస్టారు మంచాయనేలే" అంది.

మాస్టారు మంచాయనే. కాదని ఎవరన్నారు? లెక్క చూడటం అంటే మంచితనాన్ని అనుమానించడం కాదు కదా. మన ఇంటికి పాలు పోసేవాడూ మంచివాడే, అయినా క్యాలెండరు మీద రోజూ టిక్కు పెడతాం. చీటీ పాడే పిన్నిగారు మంచావిడే, అయినా కట్టిన నెల కార్డు మీద రాయించుకుంటాం. నిజానికి లెక్క పైకి చదివితే మంచి మాస్టారికే రక్ష. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే ఆయన పక్కన నిలబడేది ఆ లెక్క విన్న తల్లులే.

ఇంతకీ ఆ డబ్బు ఎంత అంటారా? మనకి తెలిసిన చోటి నుంచే మొదలుపెడదాం. 2025 జూన్‌లో తల్లికి వందనం డబ్బులు పడ్డాయి. పిల్లకి 15,000 అన్నారు, ఖాతాలో పడింది 13,000. మిగతా 2,000 బడుల నిర్వహణకి, శుభ్రతకి పక్కన పెట్టారు. అంతకు ముందు అమ్మ ఒడి అన్నప్పుడూ అంతే. మొదటి ఏడాది 15,000 పూర్తిగా ఇచ్చి, తర్వాత మరుగుదొడ్ల నిధికని వెయ్యి, ఆపైన బడి నిర్వహణకని ఇంకో వెయ్యి తగ్గించారు. పార్టీలు మారాయి, పేరు మారింది, కోత మాత్రం అక్కడే ఉంది. తగ్గించడం తప్పని నేను అనట్లేదు. బడి శుభ్రంగా ఉండాలంటే డబ్బు కావాలి. కానీ వందమంది పిల్లలున్న బడినే తీసుకోండి. ఆ పిల్లల తల్లుల పేరున పక్కన పెట్టిందే 2 లక్షలు. అందులో ఆ బడికి తిరిగొచ్చింది ఎంత? ఆయా జీతానికి ఎంత, ఫినాయిలుకి ఎంత, పగిలిన పంపుకి ఎంత? ఆ వందమంది తల్లుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఇది కాక, సమగ్ర శిక్ష కింద ఏటా బడికి గ్రాంటు ఉంటుంది. 30 మంది లోపు పిల్లలుంటే 10,000, వందమంది దాకా 25,000, 250 దాకా 50,000, వెయ్యి దాకా 75,000, ఆపైన లక్ష. సుద్దముక్కల నుంచి కరెంటు బిల్లు దాకా అందులోంచే. ఇంటి బడ్జెట్టు నడిపేవాళ్ళం కదా, చెప్పండి, పాతికవేలతో వందమంది ఉన్న ఇల్లు ఏడాదంతా నడుస్తుందా? నడవదు. కాబట్టి అడగాల్సినవి రెండు ప్రశ్నలు. వచ్చిందాన్ని ఎలా ఖర్చుపెట్టారన్నది బడిని అడగాలి. ఇంత తక్కువ ఎందుకిస్తున్నారన్నది పైవాళ్ళని అడగాలి. మొదటి ప్రశ్నకి జవాబు మన చేతిలో ఉంటేనే రెండోది గట్టిగా అడగగలం.

మధ్యాహ్న భోజనం సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? దానికి మన గోదావరి తల్లి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆకలన్నవాడి కులం అడక్కుండా వండి పెట్టిన మనిషి ఆవిడ. ఆ పేరు పెట్టినందుకు సంతోషమే. కానీ 2025 మే నుంచి ప్రాథమిక బడిలో ఒక పిల్లాడికి పూటకి కేంద్రం లెక్క కట్టిన వంట ఖర్చు 6 రూపాయల 78 పైసలు. బియ్యం వేరే వస్తాయి, గుడ్డు, చిక్కీ రాష్ట్రం ఇస్తుంది. పప్పు, కూర, నూనె, పోపు, వంటచెరకు మాత్రం ఆ 6.78 లోనే. ఆ వంట వండే ఆవిడకి నెలకి 3,000 గౌరవ వేతనం. అంటే రోజుకి వంద. బిల్లు ఆలస్యమైతే కొట్లో అప్పు పెట్టేది ఆవిడే. పప్పు పల్చగా ఉంటే తిట్లు తినేదీ ఆవిడే. తనిఖీకి ఎవరొచ్చినా గరిట తిప్పి చూసి ఆవిడ మీదే కేకలేస్తారు, మనమూ వంత పాడతాం. "బిల్లు ఎప్పుడు పంపారు, ఎప్పుడొచ్చింది?" అని పైకి అడిగేవాళ్ళు లేరు. మన దగ్గర తనిఖీ అంటే ఎప్పుడూ పైనుంచి కిందికే. చట్టం మనకిచ్చింది కిందనుంచి పైకి చూసే హక్కు.

"ఉచితంగా చెప్తున్నారు, భోజనం పెడుతున్నారు, పుస్తకాలిస్తున్నారు, ఇంకా లెక్కలడుగుతారా?" అనేవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉంటారు. ఉచితం ఏమిటండీ? సబ్బు బిళ్ళ కొన్నా పన్ను కట్టే కొంటున్నాం. మన గోదావరి వాళ్ళకైతే ఈ మాట అసలు నప్పదు. 1850లలో నరసాపురం వైపు టేలర్ అనే సబ్ కలెక్టరు ఉండగా, ఇక్కడి రైతులు శిస్తుతో పాటు బడుల కోసం కొంత పన్ను కట్టడానికి ఒప్పుకున్నారు. అలా ఈ జిల్లాలో చాలా ఊళ్ళలో బడులు వచ్చాయి. ఆ వసూలుకి చట్టం దన్ను ఉండాలనే 1863లో మద్రాసు ప్రభుత్వం విద్యా చట్టం తెచ్చింది. ఊరి డబ్బుతో ఊరి బడి అన్నది మనకి నూట డెబ్భై ఏళ్ళ నాటి సంగతి. డబ్బు పెట్టినవాళ్ళు లెక్క అడగడం కూడా అంత పాతదే కావాలి.

ఇంకొందరు, "ఆడవాళ్ళకి ఈ లెక్కలేం తెలుస్తాయి?" అంటారు. డ్వాక్రా సంఘం పుస్తకం ఎవరు రాస్తున్నారు? పదిమంది పొదుపు, అప్పు, వడ్డీ, కంతు నెలనెలా పైసాతో సహా సరిచూసేది ఎవరు? 2019లో నాడు-నేడు మొదలుపెట్టినప్పుడు మొదటి విడతలో 15,715 బడుల్లో పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారానే చేయించారు. ఇసుక ఎన్ని ట్రాక్టర్లు వచ్చింది, సిమెంటు ఎన్ని బస్తాలు వాడారు అని లెక్క చూసిన తల్లులున్నారు. ఆ తర్వాత రెండో విడత పనులు చాలాచోట్ల సగంలో ఆగిపోయాయి. శ్లాబు లేని గదులు, చువ్వలు పైకి లేచిన స్తంభాలు మనం చూస్తూనే ఉన్నాం. "అది వాళ్ళ ప్రభుత్వం పని" అని ఒకరు, "వీళ్ళు పూర్తి చేయట్లేదు" అని ఇంకొకరు. ఆ చువ్వల మధ్య ఆడుకునేది మాత్రం మన పిల్లలే. పార్టీ మారితే పథకం పేరు మారుతుంది, గోడ మీద రంగు మారుతుంది. ఏ పార్టీ వచ్చినా బడి దగ్గర ఉండేది తల్లులమే, కాబట్టి నిన్నటి పద్దు రేపటికి అప్పజెప్పాల్సింది కూడా మనమే.

ధవళేశ్వరంలో 1874లో కందుకూరి వీరేశలింగంగారు ఆడపిల్లల కోసం బడి పెట్టినప్పుడు, ఆడదానికి అక్షరాలెందుకని నవ్వారు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. అక్షరాలు వచ్చినందుకు మన చేత సంతకాలు పెట్టించుకుంటున్నారు, అంతే!

2024 డిసెంబరు 7న, మళ్ళీ 2025 జులై 10న రాష్ట్రమంతా ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టారు. మంచి పని. తండ్రులు కూడా బడి గుమ్మం తొక్కారు. పిల్లల ప్రోగ్రెస్ కార్డు చేతికిచ్చారు. తల్లులకి ముగ్గుల పోటీలు పెట్టారు. ముగ్గు మన ఇంటి ముందు రోజూ వేస్తాం, అందులో మనకి కొత్తగా నిరూపించుకునేది లేదు. పిల్లల ప్రోగ్రెస్ కార్డుతో పాటు బడి ప్రోగ్రెస్ కార్డు కూడా ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది! ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంతమంది టీచర్లు ఉండాలి, ఎంతమంది ఉన్నారు అని ఒక కాగితం.

ప్రైవేటు బడికి పంపే అక్కచెల్లెళ్ళు "ఇది మా సంగతి కాదు" అనుకోకండి. మీరు వేలకు వేలు ఫీజు కడతారు. ఆ డబ్బు ఎటు పోయిందని అడిగే కమిటీ మీకు లేదు, ఎందుకంటే ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బళ్ళకి ఈ కమిటీల సెక్షను వర్తించదు. ఫీజు కట్టనిచోట లెక్క అడిగే హక్కుంది, ఫీజు కట్టినచోట లేదు. గవర్నమెంటు బడి బాగుంటేనే ప్రైవేటు ఫీజులకి పగ్గం పడుతుంది. మా అబ్బాయి పదో తరగతి దాకా గవర్నమెంటు బడిలోనే చదివాడు. చదువు రాక కాదు, గదుల్లేక, టీచర్లు చాలక ఇబ్బంది పడ్డాడు. ఆ ఇబ్బంది తీరేది ఇంకో స్కూలు బస్సు ఎక్కిస్తే కాదు.

ప్రాజెక్టు కోసం ఊళ్ళు ఖాళీ చేసి కాలనీలకి వచ్చినవాళ్ళ గురించి కూడా ఒక్క మాట. రామయ్యపేట, పైడిపాక, దేవరగొంది లాంటి ఊళ్ళు ఇప్పుడు కాలనీల్లో ఉన్నాయి. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూల్లో, కొత్త కాలనీలో విద్యా హక్కు చట్టం చెప్పినట్టు బడి ఉండాలని రాసుంది. ఇల్లూ పొలమూ ఇచ్చేసిన తల్లికి బడి అడగడం కనీస హక్కు. కాలనీలో బడి ఎలా ఉందో చూసే కమిటీలో ఆవిడ గొంతే ముందు వినపడాలి.

ఇక మనం చేయాల్సింది పెద్ద పోరాటమేం కాదు. కమిటీలో ఉన్నవాళ్ళు, సంతకం పెట్టే ముందు "పైన రాసింది ఒకసారి చదవండి మాస్టారూ" అనండి. చదివాక, "ఈ ఏడు గ్రాంటు ఎంత వచ్చింది, నిర్వహణ డబ్బు మన బడికి ఎంత చేరింది, పాస్‌బుక్కు ఒకసారి చూపిస్తారా?" అనండి. మీటింగు పొద్దున పదకొండింటికి పెడితే కూలికెళ్ళే తల్లి ఎలా వస్తుంది? కూలి పోగొట్టుకుని రమ్మనడం అన్యాయం, సాయంత్రం పెట్టమనండి. వచ్చిన లెక్కని బ్లాక్‌బోర్డు మీద రాయించండి, చదువు రాని తల్లి కోసం పైకి చదివించండి.

కమిటీలో లేనివాళ్ళకి సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకి రుసుమే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక్కరే వెళ్ళడానికి మొహమాటమైతే నలుగురు కలిసి వెళ్ళండి. డ్వాక్రా మీటింగుకి కలిసే వెళ్తాం కదా!

అడగందే అమ్మైనా పెట్టదని సామెత. అన్నం దగ్గర ఆ సామెత అబద్ధం, మనం అడక్కుండానే పెడతాం. బడి దగ్గర మాత్రం అడగాల్సింది అమ్మే. ఈసారి పుస్తకం మీ ముందుకొచ్చినప్పుడు పెన్ను వెంటనే అందుకోకండి. ముందు చదవమనండి.