బిడ్డ కదలిక తగ్గితే కషాయం లేదు

"ఎనిమిదవ నెల నడుస్తున్నది. నిన్నటి నుండి కడుపులో బిడ్డ కదలిక తగ్గింది. ఏదైనా కషాయం సెలవివ్వండి" అని అడిగేవారు నేటికీ ఉన్నారు. దీనికి నా వద్ద కషాయం లేదు. ఏ వైద్యుని వద్దనూ ఉండకూడదని నా అభిప్రాయం. ఆ పూటే ప్రసూతి ఆస్పత్రికి వెళ్ళవలసినదే.

ఇది మన శాస్త్రానికి విరుద్ధం కాదు. సుశ్రుతుడు నిదానస్థానంలో మూఢగర్భాన్ని వివరిస్తూ, శిశువు గర్భంలోనే మృతి చెందినదనడానికి చెప్పిన లక్షణాలలో స్పందన లేకపోవడం ఒకటి. కనుక కదలిక ఆగేదాకా వేచి ఉంటే చేయడానికి ఏమీ మిగలదు, తగ్గినప్పుడే మేలుకోవాలి. మాయ నుండి అందే ప్రాణవాయువు చాలనప్పుడు శిశువు ఉన్న శక్తిని గుండెకు, మెదడుకు దాచుకొని కాళ్ళు చేతులు ఆడించడం తగ్గిస్తుంది. రక్తపోటు, మధుమేహం ఉన్నవారు, బిడ్డ ఎదుగుదల చాలదని తేలినవారు, పూర్వం గర్భంలోనే బిడ్డను పోగొట్టుకున్నవారు మరింత జాగరూకులై ఉండాలి.

28 వారాలు దాటిన పిమ్మట రోజూ ఒకే వేళకు ఎడమ ప్రక్కకు తిరిగి పడుకొని కదలికలను లెక్కించడం మంచిది. 2 గంటలలో 10 రాకపోతే బయలుదేరాలి. లెక్క సరిపోయినా "నిన్నటివలె లేదు" అని తల్లికి తోస్తే ఆ మాటకే విలువ ఎక్కువ. నెలలు నిండితే కదలిక తగ్గడం సహజమని ఇంట్లో పెద్దలు చెబుతారు. అది నిజం కాదు. కదిలే తీరు మారవచ్చు గాని, కదలిక తగ్గకూడదు. చక్కెర నీళ్ళు త్రాగించి చూద్దామని గంటలు గడపడమూ తగదు.

ఆస్పత్రిలో సుమారు 20 నిమిషాలు బిడ్డ గుండె చప్పుడును యంత్రంతో కాగితంపై నమోదు చేస్తారు. నిమిషానికి 110 నుండి 160 వరకు ఉండి, మధ్యమధ్య వేగం పెరుగుతుంటే క్షేమ లక్షణం. అవసరమైతే స్కానింగులో ఉమ్మనీటిని, డాప్లర్ పరీక్షతో బొడ్డుతాడులోని రక్తప్రవాహాన్ని చూస్తారు. తల్లి నాడి పట్టి ఇవన్నీ చెప్పగలనని ఏ వైద్యుడైనా అంటే నమ్మవద్దు. నాడీపరీక్షను గురుముఖతః అభ్యసించినవాడిగానే ఈ మాట అంటున్నాను.

నెలనెలా పాలు, నేయి, శతావరులతో చెప్పిన గర్భిణీ పరిచర్యను నేను తక్కువ చేయడం లేదు. అది పోషణ, ఆపదలో ఉన్న శిశువుకు రక్షణ కాదు. అర్ధరాత్రి అయినా తెల్లవారనిమ్మనకండి. వాహనం లేకపోతే 108కి ఫోను చేసి, పాత స్కానింగు కాగితాలు వెంట తీసుకొని వెళ్ళండి.